ఎన్నికి రాశావు? – దివిసీమ 2025 మార్చి కబుర్లు

దివిసీమలో మార్చి నెలాఖరుకి ఊరంతా పనిలోనే ఉంటుంది. వరి కోతకి ముందే చేలో చల్లిన మినుము చేతికొచ్చింది, నూర్పిళ్లు చాలా చోట్ల అయిపోయాయి. పాలకాయతిప్ప వైపు ఇసుకలో అటవీశాఖ వాళ్లు జాగ్రత్త చేసిన ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు పగిలాయి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. చిన్న క్లాసులకి ఒంటిపూట బడులు. ఆదివారం, 30వ తేదీన, విశ్వావసు ఉగాది. వేపపువ్వు రాలుతోంది, మామిడి పిందె పచ్చడికి పనికొచ్చే సైజుకి వచ్చింది. ఇన్ని ఉన్నా, హంసలదీవి నుంచి కోడూరు దాకా ఏ అరుగు మీద కూర్చున్నా ఈ రెండు రోజులూ వినపడుతున్న మాట ఒకటే: సోమవారం జరిగిన పదో తరగతి లెక్కల పరీక్ష.

ఈ ఏడాది, అంటే 2025లో, పబ్లిక్ పరీక్షలు మార్చి 17న మొదలయ్యాయి. తెలుగు, హిందీ, ఇంగ్లిషు గడిచిపోయి 24న లెక్కలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద ఆరు లక్షల పైచిలుకు పిల్లలు, దాదాపు 3,450 సెంటర్లు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు ముప్పావు దాకా పరీక్ష, అందులో మొదటి పావుగంట పేపరు చదువుకోవడానికి. ప్రశ్నలు 33, మార్కులు నూరు. పన్నెండు ఒక మార్కువి, ఎనిమిది రెండు మార్కులవి, ఎనిమిది నాలుగు మార్కులవి, చివర ఎనిమిదేసి మార్కులవి అయిదు. ఆ అయిదింటికే ఛాయిస్. పైగా పదో తరగతికి ఎన్సీఈఆర్టీ పుస్తకాలు వచ్చిన మొదటి ఏడు ఇదే. అన్నలూ అక్కలూ దాచి ఇచ్చిన పాత గైడ్లు చాలా మేరకి పనికిరాలేదు. పేపరు ఎలా ఉంటుందో చెప్పగల సీనియరు ఊళ్లో ఎవరూ లేరు. అందుకే ఈసారి బెరుకు కొంచెం ఎక్కువే.

పరీక్ష అయ్యాక బస్టాపు చూడాలి. హాల్‌టికెట్ చూపిస్తే పల్లెవెలుగు బస్సులో టికెట్ అక్కర్లేదు కాబట్టి ఉల్లిపాలెం వాళ్లూ, మందపాకల వాళ్లూ, పిట్టల్లంక వాళ్లూ అందరూ ఒకే నీడలో చేరతారు. ఎవరి పేపరు వాళ్ల చేతిలోనే ఉంటుంది, కానీ చూసేది పక్కవాళ్ల పేపరే. బిట్ల పక్కన పెన్సిల్‌తో పెట్టుకున్న సన్న అక్షరాలు ఒకరివి ఒకరు సరిచూసుకుంటారు. ఒకమ్మాయి అట్ట మీద పేపరు పరిచి, ప్రతి ప్రశ్న పక్కనా తనకి వచ్చే మార్కులు వేసుకుంటూ కూడుతోంది. ఒకసారి 91, ఇంకోసారి 88. మూడోసారి కూడబోతుంటే పక్కనున్న పిల్ల పేపరు లాక్కుని, "నువ్వు కూడిందే తప్పు, 89" అంది. కూడిక తప్పిందన్న బాధ కంటే ఒక మార్కు పెరిగిందన్న సంతోషమే ఆ పిల్ల మొహంలో కనపడింది.

"ఎన్నికి రాశావ్ రా?"

"తొంభై అయిదుకి. ఒక ఫోర్ మార్క్స్ సగంలో వదిలేశా, టైం చాల్లా."

"నేను వందకీ రాశా. కరెక్టెన్నో దేవుడికే తెలియాలి మావా."

అసలు తగువు జవాబుల దగ్గర మొదలవుతుంది. ఏ ఏడాది పేపరైనా సరే, నేను విన్నంతలో ఇవి రాకుండా పోవు. మొదటిది ఎత్తులు, దూరాల లెక్క. గోపురమో లైట్‌హౌసో ఏదో ఒకటి ఉంటుంది, అడుగుకి 20 మీటర్ల దూరంలో నిలబడి 30 డిగ్రీల కోణంలో చూస్తే ఎత్తెంత అంటారు. ఒకడికి 20 బై రూట్ 3 వస్తుంది. ఇంకొకడికి 20 రూట్ 3 బై 3. ఇద్దరి మొహాలూ పాలిపోతాయి. నాది తప్పంటే నాది తప్పని కాసేపు బాధపడతారు. ఎవరో మూడోవాడు వచ్చి, "రేయ్, పైనా కిందా రూట్ 3తో గుణించి చూడండి, రెండూ ఒకటే" అంటాడు. అంటే పదకొండున్నర మీటర్ల పైచిలుకు, ఎవరు రాసినా అంతే. ఆ మూడోవాణ్ని ఇద్దరూ కలిసి ఎత్తుకుంటారు.

రెండోది "పై" విలువ తగువు. అదే వృత్తం, అదే ఏడు సెంటీమీటర్ల వ్యాసార్ధం. పై విలువ 22 బై 7 వేసుకున్న పిల్లకి వైశాల్యం 154, 3.14 వేసుకున్న పిల్లకి 153.86. పేపర్లో ఏ విలువ తీసుకోమన్నారో ఆ కంగారులో ఇద్దరికీ గుర్తుండదు. మళ్లీ పేపరు విప్పి చదువుకోవాలి.

మూడోది మా వైపు పిల్లలకి బాగా నచ్చే పడవ లెక్క. నిలకడ నీటిలో గంటకి 18 కిలోమీటర్లు పోయే పడవ, 24 కిలోమీటర్లు ఏటికి ఎదురు వెళ్లడానికి వాలున వచ్చినప్పటి కంటే గంట ఎక్కువ తీసుకుంది, ప్రవాహ వేగమెంత? వర్గ సమీకరణం చేస్తే ఒక జవాబు 6, రెండోది మైనస్ 54. ఒకడు రెండూ రాసి వదిలేస్తాడు. కృష్ణ పాయల్లో తండ్రితో పడవెక్కి తిరిగిన పిల్లాడు మాత్రం ఆ మైనస్‌ని ఒక్క క్షణం కూడా నమ్మడు. "ఏరు గంటకి యాభై నాలుగు కిలోమీటర్లు పారితే పద్దెనిమిదితో పోయే పడవ ఎదురెలా వెళ్తది రా?" అంటాడు. ఆ ప్రశ్న నాకు ఎంత నచ్చుతుందో చెప్పలేను. వేగం రుణాత్మకం కాదు అని రాసిన వాక్యం కంటే అది గట్టి సమాధానం.

నన్నడిగితే ఏడాది మొత్తంలో పిల్లలు నిజంగా లెక్కలు చేసేది ఆ బస్టాపు నీడలోనే. మాస్టారు లేరు, బెత్తం లేదు, మార్కుల భయం అప్పటికి తీరిపోయింది. ఎవరికి వాళ్లు తమ దారి వివరించాలి, ఎదుటివాడి దారిలో తప్పెక్కడుందో చూపించాలి. వేరే దారిలో వెళ్లినా ఒకే చోటికి చేరొచ్చని అక్కడ అర్థమైన పిల్ల దాన్ని మళ్లీ మర్చిపోదు. కాబట్టి జవాబులు పోల్చుకోవద్దని పిల్లల్ని కసిరేవాళ్లతో నాకు ఏకాభిప్రాయం లేదు. పోల్చుకోనివ్వండి.

చెడేది ఇంటికొచ్చాకే. గుమ్మంలో చెప్పులు విప్పకముందే "ఎన్ని వస్తాయి?" అని అడుగుతారు. పిల్ల 85 అంటే "మరి పక్కింటి వాళ్లబ్బాయి 95 అంటున్నాడే" అని రెండో మాట. అన్నం పెట్టేలోపు పిన్నికీ, బాబాయికీ, హైదరాబాదులో ఉన్న మేనమామకీ ఫోన్లు. ఆ పిల్ల ఒక్క మధ్యాహ్నంలో తన మార్కుల్ని అయిదారుసార్లు ఒప్పగించాలి, ప్రతిసారీ ఒకటో రెండో తగ్గించుకుంటూ. సాయంత్రానికి 85 కాస్తా 75 అవుతుంది. పేపరేమీ మారలేదు, ధైర్యమే కరిగిపోయింది.

పెద్దవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. లెక్కల పేపరు దిద్దేటప్పుడు చివరి జవాబు ఒక్కటే చూడరు. కీ పేపర్లో మెట్టు మెట్టుకీ మార్కులు విడదీసి ఉంటాయి. బొమ్మ గీస్తే దానికి, సూత్రం రాస్తే దానికి, విలువలు సరిగ్గా వేస్తే దానికి, ఆఖరున జవాబుకి. ఎనిమిది మార్కుల లెక్కలో ఆఖరి కూడిక తప్పితే పోయేది ఆ మెట్టు మార్కే కానీ ఎనిమిదీ కాదు. సాంఖ్యక శాస్త్రంలో మధ్యగతం లెక్క ఉందనుకోండి, పట్టిక వేసి, సంచిత పౌనఃపున్యాలు రాసి, సూత్రం పెట్టిన పిల్లకి చివర భాగహారం తడబడినా చాలా మార్కులు చేతిలోనే ఉంటాయి. బస్టాపులో ఇద్దరి జవాబులూ కలవలేదంటే దానర్థం ఒకరికి సున్నా అని కాదు. పాస్ మార్కు 35. కొట్టివేతలు, తడబాట్లు అన్నీ పోగా ఆ 35 దాటే పిల్లలు, వాళ్లు అనుకునే దాని కంటే చాలా ఎక్కువ మంది. నిరుడు, 2024 ఏప్రిల్ 22న, వచ్చిన ఫలితాల్లో రాష్ట్రంలో 86.69 శాతం పాసయ్యారు.

గ్రేడ్ల మాట కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు ఇంటర్, డిగ్రీ అయిపోయిన అన్నలు "మా రోజుల్లో నాకు 9.8" అంటుంటే తమ్ముళ్లకి అర్థం కావడం లేదు. 2012 నుంచి కొన్నేళ్లు పదిలో మార్కులు కాకుండా గ్రేడ్ పాయింట్లు ఇచ్చారు. 96 వచ్చిన పిల్లకీ, నూటికి నూరు వచ్చిన పిల్లకీ అవే పది పాయింట్లు. కరోనా వల్ల 2020లో, 2021లో పరీక్షలే జరగలేదు, అందరూ పాస్. 2022లో మళ్లీ మార్కులు వచ్చాయి. ఆ ఏడు పాసైంది 67 శాతం మాత్రమే. గ్రేడ్లున్నప్పుడు ఒక మార్కుకి ఇంత ఏడుపు లేదు. ఇప్పుడు ఆరు సబ్జెక్టులు, ఆరువందల మార్కులు, ఒక్కో మార్కూ విడిగా కనపడుతుంది. నా మట్టుకు నాకు ఆ పది పాయింట్ల పద్ధతే పిల్లల గుండెలకి మంచిదనిపిస్తుంది.

అయితే పిల్లల ఆరాటాన్ని ఊరికే కొట్టిపారెయ్యలేం. మా పల్లెల్లో బాగా చదివే పిల్లకి పది తర్వాత కనపడే పెద్ద ఆశ నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో పెట్టిన చదువు అది, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, ఆరేళ్లూ అక్కడే. సీటు వచ్చేది ఎంట్రన్సు మీద కాదు, ఈ పది మార్కుల మీదే. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకి నాలుగు శాతం అదనంగా కలుపుతారు. ఇద్దరికి సమానంగా వస్తే ముందు చూసేది లెక్కల మార్కులే. అదీ అసలు సంగతి. సాగు నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని రెండెకరాల కౌలు మీద బతికే ఇంట్లో, ఆ సీటు వస్తే ఆరేళ్ల చదువు దిగులు చాలా వరకు తీరుతుంది. అలాంటి ఇంటి పిల్ల రెండు మార్కుల కోసం రాత్రంతా నిద్రపోకపోతే అది ఉత్త బెంగ కాదు.

అందులో రాకపోతే దారులు మూసుకుపోయినట్టూ కాదు. ఏప్రిల్ 30న పాలిటెక్నిక్ ఎంట్రన్సు పాలీసెట్ ఉంది, అందులో 120కి 50 మార్కులు లెక్కలవే. అంటే సోమవారం తడబడ్డ పిల్లకి అదే పుస్తకంతో నెల రోజుల్లో ఇంకో అవకాశం. గుడ్లవల్లేరులో పాలిటెక్నిక్ ఉంది. రొయ్యల చెరువులు, పీతల పెంపకం ఉన్న నాగాయలంక పక్కనే భావదేవరపల్లిలో మండలి వెంకట కృష్ణారావు గారి పేరున ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది, రెండేళ్ల డిప్లొమా. చెరువు గట్టు మీద పెరిగిన పిల్లలు ఆ చదువు మీద కొంచెం దృష్టి పెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. నీళ్లలో ఉప్పెంత, చెరువులో పిల్ల ఎంత వెయ్యాలి, మేత ఎంత పడాలి అన్నీ లెక్కలేగా.

మార్కులు వచ్చాక అనుమానముంటే రీకౌంటింగుకి సబ్జెక్టుకి 500, దిద్దిన పేపరు నకలుతో సహా రీవెరిఫికేషనుకి వెయ్యి కట్టి అడగొచ్చు. తప్పినవాళ్లకి మే నెలలో సప్లిమెంటరీ ఉంటుంది, పాసైతే ఈ ఏడే ఇంటర్లో చేరొచ్చు. ఏడాదేం పోదు.

మిగతా కబుర్లు నాలుగు ముక్కల్లో. ఈ వారం సముద్రం దగ్గరికి వెళ్లేవాళ్లు ఇసుక మీద బళ్లు తోలకండి, తాబేలు పిల్లలు గుంటల నుంచి బయటికొచ్చే రోజులివి. ఏప్రిల్ 6న శ్రీరామనవమి, పందిళ్ల మాట అప్పుడే మొదలైంది. మోపిదేవి గుడిలో మంగళవారం రద్దీ ఎప్పటిలాగే ఉంది, హాల్‌టికెట్లు దేవుడి ముందు పెట్టించుకునే పిల్లలు ఈసారి కూడా కనపడ్డారు.

ఇక ఇంట్లో పదో తరగతి పిల్లలున్నవాళ్లకి. బుధవారం 26న ఫిజికల్ సైన్స్, 28న బయాలజీ, ఉగాది, రంజాన్ పండగలు అయ్యాక సోషల్. అప్పటిదాకా లెక్కల పేపరు గురించి పిల్లల్ని మీరుగా ఏమీ అడగకండి, వాళ్లు చెబితే వినండి. బుధవారం పొద్దున కోడూరు వైపు ఖాళీ బండి మీద వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, యూనిఫాంలో, చేతిలో అట్టతో ఎవరైనా చెయ్యెత్తితే ఎక్కించుకోండి. తొమ్మిది లోపు సెంటరు దగ్గర దింపితే చాలు.