పల్లేరు కషాయం

తమిళనాట తరతరాలుగా కాపురమున్నా, మా యింట మూత్రం మంటకు నేటికీ పల్లేరుకాయల కషాయమే. ఇరుగుపొరుగు తమిళులు వీటినే నెరుంజిల్ అంటారు.

నిరుడు మా కోడలికి మంట పుడితే అలవాటు చొప్పున మూడు రోజులు కషాయమే యిచ్చాము. నాలుగోనాటికి చలిజ్వరం, నడుము పక్కన పోటు. సూక్ష్మజీవులు మూత్రపిండం దాకా పాకాయన్నారు డాక్టరు. ఆస్పత్రిలో మందెక్కించాకనే పిల్ల కోలుకున్నది.

కషాయాన్ని మేము మానలేదు. దాని హద్దు తెలుసుకున్నాము. జ్వరమో నెత్తురో కనిపించినా, రెండు రోజుల్లో మంట తగ్గకున్నా వెంటనే డాక్టరు వద్దకే. గర్భిణులను, పసిపిల్లలను, మూత్రపిండాల జబ్బున్నవారిని మొదటి రోజే చూపించాలి. మధుమేహానికీ, రక్తపుపోటుకూ మందులు వాడేవారు అడగనిదే కషాయం తాగరాదు.

పెద్దల మందును కాపాడుకుందాము. దాని పేర కాలయాపన మాత్రం వద్దు.