లాలాపేట్ నుంచి బాలాపూర్ దాకా

లాలాపేట్‌లో ఆదివారం కూడా ఆలస్యంగా తెల్లవారదు. విజయ డెయిరీ పాల వాహనాలు, రైలు కూత, ఆవల మౌలాలి గుట్ట మీద పడే తొలి ఎండ. ఆ ఉదయం మా వీధిలోని మూడు కుటుంబాల వాళ్ళం ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, బియ్యం బస్తాలు, కందిపప్పు, నూనె, వాటిమీద ఇంటింటా సేకరించిన బట్టల మూటలు ఎక్కించాము. రమజాన్‌లో లెక్కగట్టి తీసిపెట్టిన జకాత్‌లో మిగిలిన భాగం అది. బాలాపూర్ దగ్గర గుడిసెల్లో తలదాచుకుంటున్న రోహింగ్యా కుటుంబాలకు దానిని చేర్చాలన్నది మా సంకల్పం.

తార్నాక దాటగానే హబ్సిగూడ వస్తుంది. నిజాముల కొలువులో పనిచేసిన హబ్షీల పేరుమీదే ఆ చోటుకు ఆ పేరు వచ్చిందంటారు. ఏళ్ళ తరబడి ఆ దారిన పోతున్నా, హబషా అన్న మాట ఆనాడే మా మనసుకు తట్టింది. మక్కాలో హింస భరించలేని విశ్వాసులను దైవప్రవక్త (స) క్రీ.శ. 615 ప్రాంతంలో పంపించినది ఆ హబషా దేశానికే. వారిని అప్పగించమని ఖురైషులు కానుకలతో రాయబారులను పంపారు. క్రైస్తవ రాజు నజాషీ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) మాటలు ఆలకించి, కానుకలు తిప్పి పంపాడు. శరణార్థులను మాత్రం పంపలేదు. పిల్లలకు ఈ కథ చెప్పడం ముగిసేసరికి ఉప్పల్, నాగోలు, ఎల్.బి.నగర్ వెనుకబడ్డాయి.

బాలాపూర్ అంటే నగరవాసులకు గణేశుని లడ్డూ వేలం గుర్తుకు వస్తుంది. ఆ పరిసరాల్లోనే వెదురుబొంగులు, ప్లాస్టిక్ పట్టాలు, పాత ఫ్లెక్సీ బ్యానర్లతో కట్టిన గుడిసెల వరుసలున్నాయి. ఆ జాగాకూ అద్దె ఉంది. మగవారు కూలికి పోతారు, కొందరు చెత్తకాగితాలు, ఇనుపముక్కలు ఏరి అమ్ముకుంటారు. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం వీరి స్వస్థలం. 1982 నాటి పౌరసత్వ చట్టం వీరిని స్వదేశంలోనే పరాయివారిని చేసింది. 2012 అల్లర్లలో కొందరు, 2017 ఆగస్టులో సైన్యం ఊళ్ళకు ఊళ్ళు తగులబెట్టినప్పుడు ఏడు లక్షలకు పైగా జనం సరిహద్దు దాటారు. వారిలో అత్యధికులు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో ఉన్నారు. నిధులు చాలక 2023లో అక్కడ మనిషికి నెలకిచ్చే ఆహార సహాయం 12 డాలర్ల నుంచి 8 డాలర్లకు పడిపోయింది. ఆయుధం పట్టని పౌరుల రక్షణకు 1949లోనే నాలుగవ జెనీవా ఒప్పందం వ్రాసుకున్న లోకం ఇది!

బియ్యం, పప్పు అందరూ తీసుకున్నారు. బట్టల మూట విప్పాము. పైన ఉన్నవన్నీ చీరలు. ఇద్దరు బిడ్డల తల్లి ఒకామె వాటిని తడిమి చూసి, వచ్చీరాని ఉర్దూలో మెల్లగా అన్నది:

“ఆపా, మేము చీర కట్టము. తీసుకుంటే అమ్ముకోవాలి. అమ్మితే, జకాత్ అమ్ముకున్నారని మీరే అంటారు.”

ఆ స్త్రీలు నడుముకు లుంగీ వంటి వస్త్రం చుట్టుకుని పైన రవిక తొడుక్కుంటారు. ఆ సంగతి అడిగి తెలుసుకోవాలన్న తలంపే మాకు రాలేదు. జకాత్ చేతిలో పడగానే అది పుచ్చుకున్నవారి సొత్తు, అమ్ముకునే హక్కు వారిదేనని మాలోని పెద్దాయన నచ్చజెప్పబోయారు. మసలా సరియైనదే, కాని అక్కడ అది అతకలేదు. నిజం చెప్పాలంటే అవి మా అల్మారాలు ఖాళీ చేసుకోవడానికి తెచ్చిన చీరలు. అంతలో మాలో ఒక యువకుడు ఫోటో తీయబోతే, ఆమె బిడ్డ ముఖాన్ని కొంగుతో కప్పింది. అతడు సిగ్గుపడి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“మరి మీకేమి కావాలమ్మా?” అని అప్పుడు అడిగాము. ముందే అడగవలసిన ప్రశ్న అది.

ఆమె లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టిపెట్టిన యు.ఎన్.హెచ్.సి.ఆర్. కార్డు తెచ్చింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. కాబట్టి ఆ కార్డు మనిషి ఎవరో చెబుతుంది గాని, ఆధార్ అడిగే చోట తలుపు తెరవదు. కోవా వంటి సంస్థలు ఇటువంటి పనుల్లో తోడ్పడుతూ వచ్చినా, గడప గడపకూ వెంట తిరిగే మనుషులు ఎప్పుడూ తక్కువే. ఆమె పెద్ద కొడుకుకు ఎనిమిదేళ్ళు. ఒక బడిలో కాగితాలు లేవని త్రిప్పి పంపారట. 6 నుంచి 14 ఏళ్ళ ప్రతి బిడ్డకూ చదువు హక్కని 2009 చట్టం చెబుతుందన్న మాట ఆ తల్లికి చెప్పినవారు లేరు. బడికి వెంట వచ్చి, తెలుగులో అర్జీ వ్రాసి, ఆమె తరఫున నాలుగు మాటలు మాట్లాడే మనిషి కావాలి. ఆమె అడిగింది అంతే.

చీరల మూటలు తిరిగి లాలాపేట్‌కే వచ్చాయి. దారిలో ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. మాలో ఉపాధ్యాయురాలిగా పనిచేసే సోదరి మాత్రం ట్రాలీ కుదుపుల్లోనే నోటుపుస్తకంలో వ్రాసుకుంటూ కూర్చున్నది: దోమతెరలు, జ్వరం మందు, లుంగీ గుడ్డ కొలతలు, ఒకటవ తరగతి తెలుగు వాచకం. బడి పనిరోజున తెరుస్తారు గనుక మంగళవారం సెలవు పెడతానన్నది. హబ్సిగూడ చౌరస్తాలో ఆటో ఆగినప్పుడు, ఆ బాబు పేరు తెలుగులో ఎలా వ్రాయాలని మమ్మల్ని అడిగింది.