మేనమామ పేరు

అక్టోబరు 3, డ్రెస్డెన్

గ్యాలరీలో బెర్నార్డో బెలొట్టో బొమ్మలు. వెనిస్‌లో పుట్టి, సాక్సనీ పాలకుడు మూడో ఆగస్టస్ పిలిస్తే 1747లో ఇక్కడికొచ్చాడు. పేరున్న చిత్రకారుడైన మేనమామ కనలెట్టో అప్పటికే లండన్‌లో. చెయ్యి తిరిగిన ఈ మేనల్లుడు సంతకంలో మామ పేరు తగిలించుకునేవాడు. జర్మన్లు, పోలండ్ వాళ్ళు ఇప్పటికీ ఇతన్నే కనలెట్టో అంటారు. పాపం అనాలో, గడుసువాడు అనాలో!

అక్టోబరు 4

క్రాయిట్స్‌కిర్కే శిథిలాల బొమ్మ దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. 1760లో ప్రష్యా ఫిరంగులకు కాలిన చర్చి. మిగిలిన గోపురం 1765లో కూలింది. సగం ఊడిన గోడ, నిచ్చెనలు, పైన చీమలంత కూలీలు, కింద రాళ్ళగుట్ట, చోద్యం చూసే జనం. ఆ ఫిరంగులకే ఇతని ఇల్లూ పోయింది. బొమ్మలో ఆ కోపం కోసం వెతికాను. రాయి రాయీ విడిగా కనపడేంత నిదానం తప్ప ఇంకేమీ లేదు. కోపంగా గీసి ఉంటే ఇంత భయం వేసేది కాదేమో.

అక్టోబరు 7, రైల్లో

ఆగస్టస్ 1763లో పోయాడు, బెలొట్టో కొలువు ఊడింది. అకాడమీలో పర్‌స్పెక్టివ్ పాఠాలు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కని బయల్దేరి, దారిలో వార్సాలో దిగి, 1780లో చనిపోయేదాకా అక్కడే.

అక్టోబరు 8, వార్సా

రాజు స్తానిస్వావ్ ఆగస్ట్ గీయించిన వీధులు కోటలో ఒకే గదిలో ఉన్నాయి. దాని పేరూ కనలెట్టో గదే! బగ్గీలు, కుక్కలు, బిచ్చగాళ్ళు, ఎవ్వరినీ వదల్లేదు.

1944లో నాజీలు ఊరిని నేలమట్టం చేశారు. తిరిగి కట్టేటప్పుడు ఈ బొమ్మలు ముందేసుకున్నారు.

"అప్పటికి ఫొటోలు లేవా మావయ్యా?" అన్నాడు మా అక్క కొడుకు. ఇక్కడే చదువుతున్నాడు.

ఉన్నాయిరా. యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలిచి గీసిన ప్లాన్లూ ఉన్నాయి. కానీ వాళ్ళకు కావలసింది 1939 నాటి ఊరు కాదు, తర్వాతి అతుకులు లేని పద్దెనిమిదో శతాబ్దపు ఊరు.

అక్టోబరు 9

క్రకోవ్‌స్కీ ప్షెద్‌మీష్చె వీధిలో నడక. బెలొట్టో దృశ్యాన్ని కాగితం మీద పడేసే కెమెరా అబ్‌స్క్యూరా వాడినా, కంటికి ఇంపుగా ఉండాలని కొన్నిచోట్ల కొలతలు సవరించేవాడు. ఆ సవరణలూ ఇటుకల్లోకి ఎక్కాయి. మావాడు ఒక మేడ ముందు ఆగి, "ఇది నిజంగా ఇలాగే ఉండేదా?"

"ఇప్పుడైతే ఉందిగా," అన్నాను.

రాత్రి

కోటలోని బొమ్మల్లో కొన్నిటిని నెపోలియన్ మనుషులు పట్టుకెళ్ళారు. తర్వాత రష్యా జార్ వంతు. 1921లో రష్యాతో కుదిరిన ఒప్పందంతో వెనక్కొచ్చాయి. మళ్ళీ నాజీలు. బెలొట్టో ప్రయాణాలైనా ఇంత రభసగా సాగలేదు.