డెబ్బై దాటినవారికి డొంక దారి సైకిలు

నూజివీడు అనగానే అందరికీ మామిడి గుర్తుకు వచ్చును. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు - ఏ కాయ అయినా తోట నుండి తారురోడ్డుకు చేరవలెనంటే ముందు డొంక దాటవలెను. ఎర్రమట్టి, కంకర, బండిచక్రాలు కోసిన గాళ్ళు, రెండు ప్రక్కల ముళ్ళకంచె, అక్కడక్కడ ఒక చెరువు గట్టు. ప్రభుత్వ వైద్యునిగా చేరిన తొలి సంవత్సరాలలో ఈ దారులలోనే సైకిలు మీద పల్లెలకు వెళ్ళేవాడిని. పదవీ విరమణ తరువాత మరల అదే అలవాటు చేసుకొన్నాను. వారమునకు మూడు ఉదయములు, ఒక్కొక్క దినము సుమారు గంటసేపు.

నన్ను చూచినవారు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ వయసులో ఎగుడుదిగుడు దారిలో సైకిలు అవసరమా డాక్టరు గారూ?" అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పదగిన విషయము కాదిది.

మా మనుమడు చదువు నిమిత్తము స్కాట్లండులో ఉన్నాడు. అక్కడ సరస్సును 'లాక్' అందురు. సరస్సుల అంచున, అడవుల నడుమ, రాళ్ళ గుట్టల మీదుగా సైకిలు దారులు వేసి, వాటి కష్టమును రంగులతో సూచింతురట. ఆకుపచ్చ సులువు, నీలము మధ్యస్థము, ఎరుపు కష్టము, నలుపు అతి కష్టము. గాలి నింపిన టైరును 1888లో పేటెంటు చేయించిన జాన్ బోయిడ్ డన్లప్ కూడ స్కాట్లండులో పుట్టిన పశువైద్యుడే. కుమారుని మూడు చక్రాల బండి కుదుపు తగ్గించుటకై ఆయన చేసిన ప్రయత్నమే నేటి మన సైకిలు టైరుకు దారితీసినది.

ఆ రంగుల పద్ధతి నాకు నచ్చినది. మన ప్రాంతమునకు దానిని ఇట్లు అన్వయించుకొన్నాను. వెడల్పయిన, గట్టి మట్టి గల చెరువు గట్టు ఆకుపచ్చ. తోటల మధ్య డొంక నీలము. వాన కురిసిన మరునాడు అదే డొంక ఎరుపు. ఎర్రమట్టి జారుడు ఎట్టిదో ఈ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. కొండవాలు రాళ్ళ బాట నలుపు. అరువది దాటినవారు మొదటి మూడు నెలలు ఆకుపచ్చ దాటరాదు. నలుపు జోలికి ఎన్నడును పోరాదు. కొండపల్లి వైపు రిజర్వు అడవి అటవీశాఖ అనుమతి లేనిదే ప్రవేశింపరాని చోటు. అక్కడికి పోయి సాహసము చేయనక్కరలేదు.

ఇక ప్రయోజనముల సంగతి. పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యస్థ వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సైకిలులో శరీర భారము సీటు మోయును గనుక మోకాళ్ళు అరిగినవారికి పరుగు కన్న ఇది మేలు. తొడ కండరములు బలపడి రక్తములోని చక్కెరను ఎక్కువగా వినియోగించుకొనును. మట్టిదారిలో తూగు నిలుపుకొనుటకు కన్ను, లోపలి చెవి, కండరములు కలసి పనిచేయవలెను. అయితే ఎముకల బలమునకు సైకిలు ఒక్కటి చాలదు. నడక కూడ ఉండవలెను. సీటు ఎత్తు ముఖ్యము. పెడలు క్రిందికి వచ్చినపుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండవలెను. సీటు తక్కువైన మోకాటి చిప్ప వెనుక నొప్పి తప్పదు. తొక్కుచు మాటలాడగలుగుచు, పాట మాత్రము పాడలేకపోవుచున్నచో ఆ వేగము సరియైనది. ఛాతీలో బిగువు, తల తిరుగుడు, మామూలుకు మించిన ఆయాసము కలిగిన వెంటనే దిగవలెను. గుండె జబ్బు ఉన్నవారు మొదట తమ వైద్యుని సంప్రదింపవలెను.

ఇప్పుడు ఒక అనుభవము. నాతో కలసి తొక్కే విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరున్నారు. గుండె లయ తప్పుచున్నందున రక్తము గడ్డకట్టకుండ మందు వాడుచున్నారు. ఒకనాడు ఒంటరిగా వెళ్ళి, గాడిలో చక్రము జారి మామిడి మొదలుకు తల తగిలి పడినారు. నెత్తురు రాలేదు, స్పృహ తప్పలేదు. నవ్వుకొని, పంచె దులుపుకొని ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పలేదు. అయిదు వారములు గడచినవి. ఒక సాయంత్రము వారి సతీమణి నాతో, "డాక్టరు గారూ, ఆయనకు తలనొప్పి తగ్గడము లేదు. ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియడము లేదు. నిన్న మనుమరాలి పేరు మరచిపోయినారు" అన్నారు. వయసు మీద పడినదని ఇంటిల్లిపాది అనుకొన్నారు. చెప్పు జారుట విన్న నాకు మాత్రము అది వయసు అనిపించలేదు. పడ్డారా అని అడిగితే అప్పుడు చెప్పినారు. ఆ రాత్రియే సీటీ స్కాను తీయించినాము. పుర్రెకు మెదడుకు మధ్య నెమ్మదిగా రక్తము చేరి మెదడును ఒక ప్రక్కకు నెట్టుచున్నది. మందు ప్రభావము తగ్గించి, పుర్రెకు చిన్న రంధ్రము చేసి ఆ రక్తమును తీసివేసినారు. పదవ నాటికి ఆయన నా ఇంటికి నడచి వచ్చినారు, రెండు చెప్పులతో.

ఇది ఎందుకు జరుగును? వయసుతో మెదడు కొంత కుంచించుకొనును. దాని పై పొర నుండి సాగు సన్నని సిరలు బిగుతుగా లాగబడి ఉండును. చిన్న దెబ్బకే ఒకటి తెగి, చుక్క చుక్కగా రక్తము కారును. లక్షణములు వారములకు గాని బయటపడవు. పక్షవాతము, మతిమరుపు, దిగులు అని పొరబడుట సులభము. సకాలములో గుర్తించిన చికిత్స సులువు, గుర్తింపకున్న ప్రాణాపాయము. కావున మూడు మాటలు గుర్తుంచుకొనవలెను. హెల్మెట్టు లేనిదే తోట వైపు పోరాదు. రక్తము పలుచన చేయు మందు వాడువారు తలకు దెబ్బ తగిలిన నాడే, బాగున్నట్లు తోచినను, ఆసుపత్రికి పోవలెను. మందును మాత్రము తమంతట తాము మానరాదు. పడిన సంగతి ఇంట చెప్పవలెను. దాచుట గౌరవము కాదు.

మన తోటలకు ప్రత్యేకమైన జాగ్రత్తలు మరికొన్ని. పూత సమయములో తేనెమంచు పురుగుకు మందు పిచికారీ చేయుదురు. ఆ వాసన తగిలిన వెంటనే వెనుదిరుగుడు. కాయ కోతల నెలలలో ఎండ తీవ్రము. ఏడు గంటలకెల్ల ఇల్లు చేరుడు. గంటసేపటికి మంచినీరు చాలును. ఓ.ఆర్.ఎస్. కలిపినచో ప్యాకెట్టు మీది కొలత నీటిలోనే కలుపుడు. ఎండుటాకులలో రక్తపింజరి ఉండవచ్చును. ఆకుల కుప్ప మీద కాలు మోపరాదు. పాము కరచిన కట్టు బిగించుట, కోయుట, పీల్చుట వలదు. కాలు కదల్చక 108కు ఫోను చేసి, విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేరుడు. గీసుకొన్న గాయమును సబ్బుతో కడిగి, ధనుర్వాతపు టీకా సంగతి వైద్యుని అడుగుడు. ఇన్సులిను వాడువారు జేబులో గ్లూకోజు ఉంచుకొనుడు. పల్లేరుకాయలు టైరును, ఒంటరితనము మనిషిని నడిదారిలో నిలిపివేయును. అందుచేత ఇద్దరుగా పొండు.

ఆపరేషను అయిన మూడవ నెలలో మాస్టారు అడిగినారు, మరల తొక్కవచ్చునా అని. వారి పిల్లలు సైకిలును అటక మీద పెట్టించినారు. శస్త్రవైద్యుడు సరేనని చెప్పిన తరువాత, నేను నా అభిప్రాయము ఇట్లు చెప్పినాను: "చెరువు గట్టు వరకే, హెల్మెట్టుతో, నాతో కలసి. డొంక దారి మీకు ఇక వద్దు." ఆయనకు కొంత కష్టము తోచినది, నాకును తోచినది. కాని ఇంట కూర్చుండి కాళ్ళు సన్నబడి, స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగినవారిని నా సర్వీసులో ఎందరినో చూచినాను. కదలకుండుట కూడ ప్రమాదమే. ప్రమాదమును తగ్గించుకొని కదలుటయే వైద్యము. ఇప్పుడు సోమవారము, బుధవారము, శుక్రవారము మేమిద్దరము గట్టు చివరి తూము వరకు పోయి తిరిగి వచ్చుచున్నాము.