బాటే లాయం

గుర్రం అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది వేగం. శిల్పులు దానిని ముందరికాళ్ళు పైకెత్తిన భంగిమలో మలిచారు. చిత్రకారులు జూలు గాలిలో ఎగురుతుండగా పరుగుతీసే రూపంలో చిత్రించారు. యుద్ధరంగంలోనూ, పందెపు మైదానంలోనూ మానవుడు దాని నుండి కోరినది పరుగునే. కాని స్వేచ్ఛగా తిరిగే గుర్రం జీవితంలో పరుగు అరుదైన ఘట్టం. ఆపద ముంచుకొచ్చినప్పుడు అది ప్రాణరక్షణకై పరుగెత్తుతుంది. మిగిలిన కాలమంతా తల వంచి, గడ్డిపరకలు కొరుకుతూ, అడుగు తరువాత అడుగు వేస్తూ సాగిపోతుంది. గుర్రం ప్రధానంగా నడిచే జంతువు. ఈ చిన్న సత్యాన్ని విస్మరించటం వల్ల మానవుడు తాను ఎంతో ప్రేమించిన ప్రాణికే తెలియకుండా కీడు చేశాడు. ఆ పొరపాటును గుర్తించి దిద్దుకొనే ప్రయత్నం నుండి పుట్టినదే చుట్టుబాట పద్ధతి.

ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతాలలో యజమానులు లేని గుర్రాలు మందలుగా సంచరిస్తుంటాయి. వాటి మెడలకు ఉపగ్రహ సంకేతాలను అందుకొనే పట్టీలు అమర్చి పరిశోధకులు వాటి నడకను లెక్కించారు. 2010లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం అవి రోజుకు సగటున సుమారు 16 కిలోమీటర్లు నడుస్తున్నాయి. కొన్ని గుర్రాలు మేత కోసం నీటిగుంటలకు 55 కిలోమీటర్ల దూరం వరకు కూడా వెళ్ళాయి. వాటిని ఎవరూ అదిలించలేదు. నీరు ఒకచోట, మేత మరొకచోట ఉండటమే ఆ నడకకు కారణం.

గుర్రం శరీరనిర్మాణం కూడా ఈ సంచార జీవితానికి అనుగుణంగానే ఉన్నది. అంత పెద్ద దేహంలో జీర్ణాశయం చాలా చిన్నది. ఆవు వలె ఒక్కసారి కడుపు నింపుకొని, నీడన పడుకొని నెమరువేసే అవకాశం గుర్రానికి లేదు. అది కొద్దికొద్దిగా, రోజులో అధికభాగం మేస్తూనే ఉండాలి. మేసినా మేయకపోయినా దాని జీర్ణాశయంలో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి మేత లేకపోతే ఆ ఆమ్లమే కడుపులో పుండ్లకు దారితీస్తుంది. అందుచేత గుర్రానికి మేయటం, నడవటం రెండు వేర్వేరు పనులు కావు; ఒకే జీవనక్రియకు రెండు పార్శ్వాలు.

ఇటువంటి ప్రాణిని మానవుడు లాయంలోకి తెచ్చాడు. పాశ్చాత్య దేశాలలో ఒక గుర్రానికి కేటాయించే గది సాధారణంగా పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉంటుంది. అందులో మెత్తని గడ్డిపరుపు, వేళకు దాణా, చలికి కప్పటానికి కంబళి, ఒళ్ళు రుద్దటానికి మనిషి ఉంటారు. చూచేవారికి అది రాజభోగం. ఆ భోగంలో లోపించినది నడక ఒక్కటే. ఆ ఒక్క లోపం మిగిలిన సౌకర్యాలన్నింటినీ హరించివేస్తుంది. రోజుల తరబడి గదిలో నిలిచిన గుర్రాలలో కొన్ని తలుపు కొయ్యను కొరుకుతాయి. కొన్ని ఒక్కచోటనే నిలబడి తలను అటూ ఇటూ ఊపుతూ ఉంటాయి. పూర్వం వీటిని గుర్రం పొగరుగానో, చెడు అలవాటుగానో భావించి పట్టీలు బిగించి మాన్పించేవారు. ఆ చేష్టలు బందీ అయిన ప్రాణి చేసే నిశ్శబ్ద ఫిర్యాదులని గ్రహించటానికి చాలాకాలం పట్టింది.

నడక లోపించినప్పుడు ఎక్కువగా నష్టపోయేది గిట్ట. పైకి మొద్దుగా కనిపించే గిట్ట నిజానికి సజీవమైన అవయవం. మానవుని గోరు వలెనే దాని గోడ నెలకు సుమారు 6 నుండి 10 మిల్లీమీటర్ల మేర పెరుగుతుంది. ముందుభాగం పూర్తిగా కొత్తది కావటానికి దాదాపు ఒక సంవత్సరం పడుతుంది. గిట్ట అడుగున, వెనుకవైపున, త్రికోణాకారంలో రబ్బరు వలె సాగే ఒక మెత్తని భాగం ఉంటుంది. దాని పైన, లోపల కొవ్వు, పీచుకణజాలం కలిసిన దిండు వంటి నిర్మాణం ఉన్నది. గుర్రం కాలు మోపినప్పుడు గిట్ట స్వల్పంగా విచ్చుకొంటుంది. కాలు ఎత్తినప్పుడు ముడుచుకొంటుంది. ఈ కదలిక నేల నుండి వచ్చే అదురును తగ్గిస్తుంది. గిట్టలోని రక్తం పైకి ప్రవహించటానికి తోడ్పడుతుంది. నడక తగ్గితే గిట్ట అరగదు, పగుళ్ళు పడుతుంది, వెనుకభాగం బలహీనపడుతుంది. తడి పరుపు మీద నిత్యం నిలిచిన గిట్ట కుళ్ళుతుంది.

లాడం ఈ చిక్కుకు మానవుడు కనిపెట్టిన పరిష్కారం. రాతిబాటల మీద బరువులు లాగే గుర్రానికి గిట్ట పెరుగుదల కంటే అరుగుదల ఎక్కువ. అటువంటి గుర్రానికి ఇనుపలాడం నిజంగా రక్షణ కవచమే. శతాబ్దాల పాటు సేద్యానికి, రవాణాకు, సైన్యాలకు లాడం చేసిన మేలు తక్కువది కాదు. కాని పని తగ్గిన తరువాత కూడా ఆలోచన లేకుండా ఆ అలవాటు కొనసాగింది. మేకులతో బిగించిన ఇనుము గిట్ట స్వేచ్ఛగా విచ్చుకోవటాన్ని పరిమితం చేస్తుంది. అవసరానికి పుట్టిన ఉపకరణం అవసరం తీరినా ఆచారంగా మిగిలిపోయింది.

దాణా విషయంలోనూ ఇదే జరిగింది. తెలుగునాట గుర్రాలకు ఉలవగుగ్గిళ్ళు పెట్టటం పాత అలవాటు. ఉలవలకు ఆంగ్లంలో గుర్రం పేరే స్థిరపడింది. జట్కా లాగే గుర్రం ఆ దాణా ఇచ్చిన బలాన్ని సాయంత్రానికి చెమటగా ఖర్చుచేసేది. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని తెలుగు సామెత. పనికిరానివారి తిండిని ఎత్తిపొడవటానికి పుట్టిన ఈ మాటను నేటి అశ్వపోషకులు మరొక అర్థంలో గ్రహించవలసి ఉన్నది. నడక లేని గుర్రానికి దాణా తక్కువ కాకపోవటమే పెద్ద ముప్పు.

ఇంగ్లండు పల్లెసీమలలో వసంతం అడుగుపెట్టగానే పచ్చికబయళ్ళు నిగనిగలాడుతాయి. రాత్రి చలి, పగటి ఎండ కలిసినప్పుడు ఆ లేతగడ్డిలో చక్కెరలు పేరుకొంటాయి. యజమాని తన పొట్టిజాతి గుర్రాన్ని సంతోషంగా ఆ పచ్చికలోకి వదులుతాడు. అది తృప్తిగా మేయటం చూచి మురిసిపోతాడు. కొన్ని వారాల తరువాత ఒక ఉదయం ఆ గుర్రం ముందరికాళ్ళను ముందుకు చాచి, బరువంతా వెనుకకాళ్ళ మీద మోపి, కదలలేక నిలబడి ఉంటుంది. దీనినే లామినైటిస్ అంటారు. రక్తంలో ఇన్సులిన్ మితిమీరటం దీనికి ప్రధానకారణమని నేటి పశువైద్యశాస్త్రం చెబుతున్నది. గిట్ట గోడను లోపలి ఎముకతో కలిపి ఉంచే సున్నితమైన పొరలు దెబ్బతింటాయి. వ్యాధి ముదిరితే గుర్రం బరువుకు ఆ ఎముక తన స్థానం నుండి కిందికి ఒరుగుతుంది. బాధను తగ్గించే దారి లేక ఎన్నో గుర్రాలకు మరణాన్నే విముక్తిగా ప్రసాదించవలసి వస్తున్నది. ఆకలితో చనిపోయిన గుర్రం యజమానిని లోకం నిందిస్తుంది. ప్రేమతో పెట్టిన మేత వల్ల గుర్రాన్ని పోగొట్టుకొన్న యజమానిని ఎవరూ నిందించరు. అతని మనస్సే అతనిని నిందిస్తుంది.

గిట్టకు తగిన నేల కావాలన్న ఆలోచన కొత్తది కాదు. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దానికి చెందిన గ్రీకు రచయిత జెనోఫోన్ అశ్వపోషణను గురించి ఒక గ్రంథం రచించాడు. తడిగా, నునుపుగా ఉండే లాయపునేల మంచి గిట్టలను సైతం పాడుచేస్తుందని అతడు హెచ్చరించాడు. లాయం వెలుపల పిడికిలి పరిమాణంగల గుండ్రని రాళ్ళను నాలుగైదు బండ్ల మేర పరిచి, గుర్రాన్ని వాటి మీద నిలబెట్టాలని సూచించాడు. రాయి గిట్టకు శత్రువు కాదనీ, దానిని తీర్చిదిద్దే గురువనీ ఆ ప్రాచీనుడు గ్రహించాడు.

ఆధునిక కాలంలో ఈ విషయం వైపు దృష్టి మళ్ళించినవారిలో అమెరికాకు చెందిన జైమ్ జాక్సన్ ముఖ్యుడు. గుర్రాలకు లాడాలు కొట్టటం అతని వృత్తి. 1982 నుండి 1986 వరకు అతడు అమెరికా పశ్చిమప్రాంతంలోని గ్రేట్ బేసిన్‌లో సంచరించే అడవిగుర్రాలను పరిశీలించాడు. అది రాళ్ళూ తుప్పలూ నిండిన మెట్టప్రదేశం. అక్కడి గుర్రాలకు లాడాలు లేవు, గిట్టలు చెక్కేవారు లేరు. అయినా వాటి గిట్టలు పొట్టిగా, గుండ్రంగా, దృఢంగా ఉన్నాయి. అవి వేరే జాతికి చెందినవి కావు. ఒకప్పుడు ఐరోపావాసులు తెచ్చిన పెంపుడు గుర్రాల సంతతే. భేదం రక్తంలో లేదు, బతుకుబాటలో ఉన్నదని జాక్సన్ నిర్ధారణకు వచ్చాడు. తన పరిశీలనలను 1992లో గ్రంథంగా ప్రకటించాడు. అడవిగుర్రాలు తమ పరిధిలో అలవాటుపడిన బాటల వెంట సాగుతూ ఉండటాన్ని ఆధారం చేసుకొని, 2000 దశకం మధ్యలో చుట్టుబాట పద్ధతిని ప్రతిపాదించాడు.

ఆ పద్ధతి చాలా సులభమైనది. పచ్చికబయలుకు చుట్టూ ఉండే కంచెకు కొన్ని అడుగుల లోపల మరొక కంచె వేస్తారు. రెండు కంచెల మధ్య ఏర్పడిన బాటలోనే గుర్రాలు మందగా నివసిస్తాయి. నడుమనున్న పచ్చికను ఎండుగడ్డి కోసం పెంచుతారు, లేదా మితంగా మేపుతారు. నీటితొట్టి ఒక మూలన ఉంటే, ఉప్పుగడ్డ మరొక మూలన ఉంటుంది. ఎండుగడ్డిని ఒకేచోట గుట్టగా పోయక బాట పొడవునా పలుచోట్ల వలసంచులలో వేలాడదీస్తారు. ఒకచోట గులకరాళ్ళు, ఒకచోట ఇసుక, మరొకచోట దాటవలసిన దుంగలు అమరుస్తారు. సుమారు రెండున్నర ఎకరాల చదరపు స్థలం చుట్టుకొలత 400 మీటర్లు. దాని చుట్టూ పదిసార్లు తిరిగితే గుర్రం నాలుగు కిలోమీటర్లు నడిచినట్లే. స్థలం పెరగలేదు, స్థలం ఆకారం మాత్రమే మారింది.

అటువంటి బాట మీద ఒక దినం గడిచే తీరు చూడదగినది. తెల్లవారుతూనే అనుభవం గల ఒక ఆడగుర్రం కదులుతుంది. మిగిలినవి ఒకదాని వెనుక ఒకటిగా దానిని అనుసరిస్తాయి. మొదటి సంచి వద్ద కాసేపు మేసి, మలుపు తిరిగి రెండవదాని వద్దకు చేరుతాయి. దప్పిక వేయగానే వచ్చినదారినే వెనుదిరుగుతాయి. ఇసుకలో ఒకటి వెల్లకిలా పొర్లాడి లేచి దుమ్ము దులుపుకొంటుంది. మధ్యాహ్నం రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలిచి ఒకదాని మెడను మరొకటి పళ్ళతో గోకుతాయి. రాత్రి మంద నిద్రించేటప్పుడు ఒకటైనా మేల్కొని కాపలాకాస్తుంది. లాయంలో కొయ్య కొరకటానికి వెచ్చించిన కాలం ఇక్కడ నడకగా, స్నేహంగా మారుతుంది.

అయితే లాడం తీసిన మరుక్షణమే ఈ మార్పు సిద్ధించదు. ఏళ్ళ తరబడి ఇనుము మీద నడిచిన గిట్టకు నేలతో మళ్ళీ పరిచయం కలగటానికి నెలలు పడుతుంది. తొలిరోజులలో గుర్రం గులకరాళ్ళ మీద తడబడుతుంది. అవసరమైనప్పుడు గిట్టకు తొడుగులు వేస్తారు. నేర్పరి చేత కొన్ని వారాలకు ఒకసారి గిట్టను చెక్కించి తీర్చిదిద్దుతారు. ఓర్పుతో సాధించిన ఫలితాలు క్రీడారంగంలోనూ కనిపిస్తున్నాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్వీడన్ రౌతు పెడెర్ ఫ్రెడ్రిక్సన్, లాడాలు లేని ‘ఆల్ ఇన్’ అనే గుర్రంపై అడ్డంకులు దాటే పోటీలో పాల్గొన్నాడు. వ్యక్తిగత విభాగంలో రజతాన్ని, జట్టు విభాగంలో స్వర్ణాన్ని సాధించాడు.

ఈ విజయాలను చూచి చుట్టుబాటను సర్వరోగనివారిణిగా భావించటం కూడా పొరపాటే. వర్షాకాలంలో బాట బురదగా మారితే గిట్టలకు మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. పేడను ఎప్పటికప్పుడు ఎత్తివేయాలి. నీరు నిలవకుండా కాలువలు తీయాలి. ఇరుకైన మలుపులలో బలమైన గుర్రం బలహీనమైన దానిని మూలకు నెట్టకుండా దారి వెడల్పుచేయాలి. వ్యాధితో బాధపడే గుర్రాన్ని వైద్యుని సలహా లేకుండా నడిపించరాదు. కొన్ని గుర్రాలకు కొన్ని పనులలో లాడం అవసరం కావచ్చు. న్యూజిలాండ్‌లోని అడవిగుర్రాలను పరీక్షించినప్పుడు వాటి గిట్టలలోనూ లోపాలు కనిపించాయి. ప్రకృతి సైతం అన్నివేళలా నిర్దుష్టం కాదు. పద్ధతి కంటే గుర్రమే ప్రధానమని పోషకుడు గుర్తుంచుకోవాలి.

“పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగటం మేలు” అని పెద్దలు చెప్పారు. ఆశకు హద్దు ఉండాలని బోధించే ఈ సామెత మానవునికి ఎంతో హితమైనది. గుర్రానికి మాత్రం ఇది వర్తించదు. నిలబడి పాలు తాగటం కన్నా, నడిచివెళ్ళి నీళ్ళు తాగటమే దానికి మేలు. తనకు సుఖమైనది ఎదుటి ప్రాణికీ సుఖమే అవుతుందని భావించటం మానవునికి సహజం. ఆ భావనలో ప్రేమ ఉన్నది, ఎరుక లేదు. మెత్తని పరుపును, కమ్మని దాణాను ఇచ్చిన చేతులే ఒక కంచెను కాస్త లోపలికి జరిపి, బాటను తెరిచి, పక్కకు తొలగి నిలబడటం నేర్చుకొన్నాయి. ప్రాణిని ప్రేమించటం సులభం. దాని స్వభావాన్ని తెలుసుకొని ప్రేమించటం కష్టం. ఆ కష్టానికి సిద్ధపడిన పోషకుని వద్ద గుర్రం తన సహజమైన నడకను తిరిగి పొందుతుంది.