డి డ్రైవ్‌లో అత్తయ్య పాటలు

మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. 2013లో కొన్నాం. అప్పట్లో దానికోసం పిల్లలిద్దరూ కొట్టుకునేవారు. ఇప్పుడు ఇద్దరూ చెరో ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, మావారికి ఆఫీసు వాళ్ళిచ్చిన లాప్‌టాప్ ఉంది, నాకు ఫోనుంది. దాంతో అది హాల్లో ఓ మూల, నేను కుట్టిన గుడ్డ కప్పుకుని కూచుంది. వారానికోసారి దుమ్ము దులపడం తప్ప దాంతో నాకు పెద్ద పని పడలేదు. పడినా "నువ్వు ముట్టుకోకు, ఏదో ఒకటి నొక్కేస్తావ్" అనే మాట ఇంట్లో అందరూ అనేవారే. విని విని నేనూ నమ్మేశాను.

ఈ సంక్రాంతి వెళ్ళాక మాత్రం దాని అవసరం పడింది. మాఘమాసంలో మా అత్తయ్యగారి సంవత్సరీకం. వచ్చిన చుట్టాలకి స్టీలు గిన్నెలు పంచే బదులు ఆవిడ పాటలు చిన్న పుస్తకంగా వేయించి ఇద్దామని నాకు అనిపించింది. మావారు కూడా సరే అన్నారు.

అత్తయ్యది కోనసీమ. లాలి పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, దంపుళ్ళ పాటలు, ఏవి కావాలంటే అవి ఆవిడ నోట్లో ఉండేవి. నలభైమూడు పాటలు ఒక పుస్తకంలో తన చేత్తో రాసుకున్నారు. కంప్యూటర్ కొన్న ఏడాదే, తన పెన్షన్ డబ్బుల్లోంచి తీసి ఇచ్చి, బజార్లో డీటీపీ చేసే అతని దగ్గర అవన్నీ టైపు చేయించుకున్నారు. అతను ఒక ప్రింటు ఇచ్చాడు, ఫైలు మా కంప్యూటర్లో వేసి వెళ్ళాడు. ఆ ప్రింటు ఎవరో పెళ్ళికని పట్టుకెళ్ళారు, మళ్ళీ రాలేదు. చేతిరాత పుస్తకం అటక మీద ఉండగా రెండేళ్ళ క్రితం వానకి తడిసి ముద్దయిపోయింది. నేను బాధపడుతుంటే అత్తయ్యే నన్ను ఓదార్చారు. "కంప్యూటర్లో ఉందిగా, పోనీలేవే" అని.

సరే, గుడ్డ తీసి కంప్యూటర్ ఆన్ చేశాను. డి డ్రైవ్‌లో 'అత్తయ్య పాటలు' అని ఫైలు పేరు కనబడింది. హమ్మయ్య అనుకున్నాను. దాన్ని మా అబ్బాయికి పంపితే వాడే పుస్తకంలా అమర్చి పంపుతాడని మెయిల్ తెరవబోయాను. తెరుచుకోలేదు. "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్రగా హెచ్చరిక. ఇంకో సైటు తెరిచాను. అదే. నెట్ ఉంది, ఫోనులో అన్నీ వస్తున్నాయి. ఏం నొక్కేశానో అని గుండె దడదడలాడింది.

అప్పుడు కింద మూల చూస్తే తేదీ 2013 జనవరి 1 అని ఉంది.

అబ్బాయికి ఫోన్ చేస్తే, "అమ్మా, డేట్ సరిచేయి, అన్నీ వస్తాయి" అన్నాడు. ఎలాగో చెప్పాడు, చేశాను, వచ్చాయి. తేదీకీ మెయిల్‌కీ ఏం సంబంధంరా అంటే బాగానే చెప్పాడు. ప్రతి వెబ్‌సైటుకీ ఒక గుర్తింపు పత్రం ఉంటుందట. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని అందులో ఉంటుంది. మన కంప్యూటర్ ఇంకా 2013లోనే ఉన్నాననుకుంటే, దాని లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకని లోపలికి రానివ్వదు. రేపటి టికెట్టు ఇవాళ చూపిస్తే టీసీ ఒప్పుకుంటాడా? అలాగన్నమాట.

ఆ సాయంత్రం ఎవరో చుట్టాలొస్తే కట్టేశాను. మర్నాడు ఆన్ చేస్తే మళ్ళీ 2013 జనవరి 1. మళ్ళీ సరిచేశాను. ఆ మర్నాడు మళ్ళీ అదే. మావారు, "పాతదైపోయింది, పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దాం" అన్నారు. ఆయన ఏ వస్తువు గురించైనా ముందు ఆ మాటే అంటారు.

నాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. పాలు విరిగితే మనం ఊరుకుంటామా? గిన్నె సరిగ్గా తోమలేదా, పాత పాలు కలిశాయా, కాచడం ఆలస్యమైందా అని ఒక్కొక్కటీ చూసుకుంటాం. అలాగే చూశాను. ఒక రాత్రి కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్ మాత్రం ఆపకుండా వదిలేశాను. పొద్దున తేదీ సరిగ్గానే ఉంది. ఆ రాత్రి గోడ స్విచ్ కూడా ఆపాను. పొద్దునకి 2013. ఇంకో రోజు స్విచ్ ఆపకపోయినా కరెంటు పోయింది, అప్పుడూ 2013. అంటే కరెంటు అందినంతసేపూ దానికి తేదీ గుర్తుంటోంది, అందకపోతే మర్చిపోతోంది. పిల్లలున్న రోజుల్లో ఆ స్విచ్ ఎవరూ ఆపేవారు కాదు. వాళ్ళు వెళ్ళాక, ఊరికే కరెంటెందుకని నేను ఆపడం మొదలుపెట్టాను. అందుకే ఇన్నాళ్ళూ ఈ జబ్బు బయటపడలేదు.

ఇదంతా చెప్పేసరికి అబ్బాయి ఒక్క క్షణం ఆగి, "అమ్మా, సగం మెకానిక్‌వి అయిపోయావు. లోపల సెల్ అయిపోయింది" అన్నాడు. ఆ మాటకి నాకు డిగ్రీ పట్టా తీసుకున్నంత సంతోషమేసింది.

డెస్క్‌టాప్ డబ్బా లోపల, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి సెల్ ఒకటి ఉంటుంది. దాని పేరు సీఆర్ 2032. అది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. వంటింట్లో చిన్న తూకం మెషిన్లలో వేసే బిళ్ళ కూడా చాలావాటిలో ఇదే. వాచీలు బాగుచేసే కొట్లో యాభై రూపాయలకి దొరికింది.

మార్చడం నేనే మార్చాను. ప్లగ్ పూర్తిగా పీకేసి, పక్క రేకు విప్పి, ముందు ఇనుప చట్రాన్ని చేత్తో ముట్టుకున్నాను. మన ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు బోర్డుకి తగలకుండా అలా చెయ్యాలట. పక్కనున్న చిన్న క్లిప్పు వేలితో నొక్కితే పాత సెల్ టక్కున పైకి లేచింది. కొత్తది ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టాను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు నల్ల తెర మీద ఏదో అడిగితే అబ్బాయి చెప్పినట్టు మీట నొక్కి, తేదీ వేసి బయటికొచ్చాను. ఆ రాత్రి గోడ స్విచ్ ఆపేసి పడుకున్నా పొద్దున తేదీ సరిగ్గా ఉంది. మావారిని పిలిచి మరీ చూపించాను.

ఇక పాటల ఫైలు తెరిచాను. గుండె జారిపోయింది.

ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న అక్షరాలు, బ్రాకెట్లు. పదహారు పేజీలూ అంతే. ఆ పూట అన్నం సయించలేదు. "కంప్యూటర్లో ఉందిగా" అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

ఆ బాధకి ఇంకో కారణం కూడా ఉంది. టైపు చేయించినప్పుడు అత్తయ్య నన్ను ఒకటడిగారు. "నువ్వు తెలుగు చదువుకున్నావు కదమ్మా, ఓసారి చూడు, తప్పులేమైనా పడ్డాయేమో" అని. చూస్తానన్నాను. పిల్లల పరీక్షలన్నాను, తర్వాత ఇంకేదో అన్నాను. నిజం చెప్పాలంటే, బీఏలో ప్రబంధాలు చదివిన దాన్ని, ఈ పాటలకి ప్రూఫులేమిటని లోపల ఒక చిన్నచూపు. ఆవిడ రెండోసారి అడగలేదు. ఆవిడ బతికున్న అన్నేళ్ళలో ఆ ఫైలు నేను ఒక్కసారి కూడా తెరవలేదు.

అబ్బాయికి ఫోటో తీసి పంపితే వాడు నాలిక్కరుచుకున్నాడు. దసరాకి వచ్చినప్పుడు కంప్యూటర్ నెమ్మదిగా ఉందని వాడే ఫార్మాట్ చేశాడు. డి డ్రైవ్ ముట్టుకోలేదు కాబట్టి ఫైలు భద్రంగానే ఉంది. కానీ ఫాంట్లు సి డ్రైవ్‌లో ఉంటాయి. ఆ డీటీపీ అతను వేసి వెళ్ళిన తెలుగు ఫాంటు దాంతో పోయింది. "పాటలు పోలేదమ్మా, ఫాంటే పోయింది" అన్నాడు.

మనం ఇప్పుడు ఫోనులో రాసే తెలుగు యూనికోడ్ తెలుగు. ఇందులో ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరుంటుంది. అ అంటే 3077, క అంటే 3093. ఏ దేశంలో తెరిచినా అది అ, ఇది క. యూనికోడ్ మొదటి కూర్పు వచ్చిన 1991లోనే తెలుగుకి అందులో చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అయితే అచ్చు పనివాళ్ళు అంతకుముందు నుంచీ వేరే రకం ఫాంట్లకి అలవాటుపడి ఉన్నారు. వాటిలో తెలుగు అక్షరాలకి సొంత నంబర్లు లేవు. ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తెలుగు బొమ్మలు పెట్టారన్నమాట. ఒక గూట్లో తలకట్టు, ఇంకో గూట్లో వత్తు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు కనిపిస్తుంది. అది లేకపోతే కింద ఉన్న ఇంగ్లీషు గూళ్ళు బయటపడతాయి. నేను చూసింది అదే.

మర్నాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని శుభలేఖలు వేసే షాపుకెళ్ళాను. అక్కడి కుర్రాడు ఫైలు తెరిచి ఒక్క చూపు చూసి, "ఇది పాత ఫాంటండీ, మా దగ్గరుంది" అన్నాడు. అంతా సెలెక్ట్ చేసి ఫాంటు పేరు మార్చాడు. పిచ్చి గుర్తులన్నీ ఒక్కసారి పోయి, తెర నిండా తెలుగు. మొదటి పేజీలో పైన అత్తయ్య పేరు. ఆ కుర్రాడి ముందే కళ్ళు తుడుచుకున్నాను. అతను చూడనట్టు పక్కకి తిరిగి ప్రింటర్లో కాగితాలు సర్దాడు.

అదే అతని చేత యూనికోడ్‌లోకి కూడా మార్పించాను. ఈ మార్చడంలో తప్పులు పడతాయని అతనే హెచ్చరించాడు. నిజమే. కృష్ణుడి ణ వత్తు ఊడిపోయింది, లక్ష్మికి మ వత్తు పోయింది, కొన్నిచోట్ల దీర్ఘాలు లేవు. ఇంటికొచ్చి రోజుకి నాలుగైదు పాటల చొప్పున దిద్దడానికి కూచున్నాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రెండు గంటలు. అత్తయ్య అప్పుడు అడిగిన పని ఇప్పుడు చేస్తున్నానన్నమాట.

పెళ్ళికూతుర్ని అలంకరించే పాట ఒకటుంది. అందులో 'రాగిడి' అని ఒక మాట వచ్చింది. పెళ్ళికూతురికి రాగి ఏమిటి, డి అన్నది మార్చడంలో మిగిలిపోయిన ముక్కయి ఉంటుంది, అసలు 'రాళ్ళ బిళ్ళ' అయివుంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకుని కొట్టేయబోయాను. ఎందుకో చెయ్యి ఆగింది. చిన్నత్తయ్యగారికి, అంటే మా అత్తయ్య చెల్లెలికి, ఫోన్ చేశాను.

"రాగిడి తెలీదుటే నీకు? తల వెనకాల జడ మీద పెట్టుకునే గుండ్రటి బంగారు బిళ్ళ. మా అమ్మకి ఉండేది. అక్క పెళ్ళికి అది కరిగించే నానుతాడు చేయించారు" అన్నారావిడ. కాసేపాగి, ఆ పాట మొత్తం ఫోన్లోనే పాడారు. ఎనభై దాటిన గొంతు. మధ్యలో దగ్గొచ్చినా ఆపలేదు.

ఆ నానుతాడు ఇప్పుడు మా ఆడపడుచు దగ్గరుంది. ఆ మాట నేను కొట్టేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేను దిద్దాననే అనుకునేదాన్ని.

ఆ తర్వాత అనుమానం వచ్చిన ప్రతి మాటకీ ఆవిడకే ఫోన్ చేశాను. మొత్తం పదకొండు మాటలు. అందులో నేను తప్పనుకున్నవి ఏడు ఒప్పులే.

సంవత్సరీకం నాడు అరవై పుస్తకాలు పంచాం. చిన్నత్తయ్యగారు భోజనం కాగానే నలుగురు ఆడపిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని, వాళ్ళు పుస్తకం చూస్తుంటే తాను చూడకుండా పాడారు. ఒకచోట వాళ్ళు ఆపి, "బామ్మా, పుస్తకంలో వేరేగా ఉంది" అన్నారు. ఆవిడ, "మా అక్క అలా పాడేది, నేనిలా పాడతాను. రెండూ ఒప్పే" అన్నారు.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి పాత ఫైళ్ళు, అమ్మల వంటల పుస్తకాలో నాన్నల కవితలో, ఏదో ఒక డ్రైవ్‌లో ఉండే ఉంటాయి. పేరు కనబడింది కదాని నాలా నిశ్చింతగా ఉండకండి, ఒక్కసారి తెరిచి చూడండి. అక్షరాలు కనబడుతుంటే ఇప్పుడే పీడీఎఫ్‌గా చేసుకోండి. ఫాంటు కూడా అందులోనే కలిసిపోయిందో లేదో, ఆ ఫాంటు లేని ఇంకో కంప్యూటర్లోనో ఫోనులోనో తెరిచి చూస్తే తెలిసిపోతుంది. ఆ ఫాంటు ఫైలు కూడా పక్కనే కాపీ చేసి పెట్టుకోండి. ఫార్మాట్ చేసేవాళ్ళకి, అది కన్నకొడుకైనా సరే, ముందే చెప్పండి. చేతిరాత పుస్తకాలుంటే పేజీ పేజీకీ ఫోటో తీయండి.

అన్నిటికన్నా ముందు, చదివి అర్థం చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండగానే వాళ్ళ పక్కన కూచుని చదవండి. నేను ఫోన్ చేసి అడగ్గలిగాను, చిన్నత్తయ్యగారు ఉన్నారు కాబట్టి.

కంప్యూటర్ ఇప్పుడు గుడ్డ కింద లేదు. ఇది దాని మీదే రాస్తున్నాను. గోడ స్విచ్ ఆపి పడుకుంటాను, పొద్దున తేదీ సరిగ్గానే ఉంటోంది. మావారికి మొన్న లాప్‌టాప్‌లో ఏదో తేడా వస్తే, "ఏమోయ్, ఒకసారి చూడు" అన్నారు.