ప్రేమకు ముందు తెలివి

మా పెద్దాపురము చెంత జి. రాగంపేటలో, 2023వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీని, ఒక నూనె కర్మాగారమందలి తొట్టిని శుభ్రపఱచుటకు దిగిన యేడుగురు కార్మికులు ఊపిరాడక మృతినొందిరి. ఆ వార్త వినిన దినమున మాకు చిన్ననాటి ధాన్యపు పాతర జ్ఞప్తికి వచ్చినది.

మా తాతగారు పాతర మూత తీయించి, చాలసేపు గాలి తగులనిచ్చినగాని యెవరిని లోపలికి దిగనిచ్చెడివారు కారు. ఒకనాడు మా బంతి యందులో పడినది. దిగబోవుచుండగా వారు మా చేయి పట్టి వెనుకకు లాగిరి. మాకు కోపము వచ్చినది. "బంతి పోయిన బంతి కొనవచ్చును, నిన్నెక్కడ కొందునురా?" అనిరి.

మూసియున్న తొట్టిలో, పాతరలో, పాడునూతిలో ప్రాణవాయువు తగ్గియుండవచ్చును; విషవాయువులు చేరియుండవచ్చును. అవి కంటికి కానరావు. పడినవానిని చూచి స్నేహితుడు దుమికినచో నతడును పడును. అచట ప్రేమ యొక్కటియే చాలదు. గాలిని పరీక్షించి నిరపాయమని వ్రాసి యీయవలయును. లేనిచో దిగువాడు శ్వాసయంత్రము ధరించి, నడుమునకు త్రాడు కట్టుకొని, దాని కొనను వెలుపలివాని చేతికీయవలయును. 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టమే యీ కట్టుబాటు చేసినది. 150 మంది పనివారికి ఒక ప్రథమచికిత్స పెట్టె యుండవలెననియు విధించినది.

పడినవాడు వెలుపలికి వచ్చిన పిదప మన పని యారంభమగును. వెంటనే 108కి ఫోను చేయింపవలయును. పిలిచినను పలుకక, శ్వాస సరిగా లేనిచో, వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండుచేతులతో రెండంగుళముల లోతున, నిమిషమునకు 100 మొదలు 120 మార్లు నొక్కవలయును. నేర్చినవారు 30 నొక్కులకు 2 మార్లు ఊపిరి యూదుదురు. గాయమునుండి రక్తము కారినచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలయును, కాఫీపొడి చల్లరాదు. కాలినచోట 20 నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలయును. సిరాగాని నేయిగాని పూయరాదు.

విద్యార్థులారా! మీ తండ్రులును అన్నలును మిల్లులలో, మగ్గములయొద్ద పనిచేయుచున్నారు. ఈ సాయంకాలమే వారికీ మాటలు చెప్పుడు. నాడు మమ్ము వెనుకకు లాగిన చేయి వంటిది ప్రతి పనిచోటను ఒకటి యుండవలయును. అది మీ చేయి కావచ్చును.